రెండవ వైరు ఆత్మకథ

నేనొక మోటారు సైకిలుకు చెందిన క్లచ్ వైరును. సన్నని ఉక్కుపోగులను పెనవేసి చేసిన తీగ నా ప్రాణము. ఉక్కుకమ్మిని చుట్టలుగా చుట్టి నల్లని తొడుగు తొడిగిన గొట్టము నా దేహము. ఎన్ని వంపులు తిరిగినను, మనుష్యుని వ్రేళ్ల బలమును దూరముననున్న యంత్రభాగమునకు చేర్చుట మా వంశధర్మము. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ 1896లో ఇట్టి తీగకు బ్రిటనులో పేటెంటు పొందినది మొదలు, మొదట సైకిలు బ్రేకులయందును, పిమ్మట మోటారు సైకిళ్లయందును మావారు సేవ చేయుచు వచ్చిరి.

అయినను, కొన్న దినముననే నాకు కొలువు లభింపలేదు. నన్ను మార్కాపురములోని ఒక దుకాణమున కొన్న యువకుడు, పనిలోనున్న పాతవైరు ప్రక్కనే హ్యాండిలు మొదలు ఇంజను వరకు నన్ను సాచి కట్టించి, దుమ్మును వానయు సోకకుండ నా రెండు కొసలకును టేపు చుట్టించెను. దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు సుమారు 50 కిలోమీటర్ల దారి నల్లమల నడుమ, పులుల అభయారణ్యము గుండ సాగును. అట్టి త్రోవలో వైరు తెగినచో అంగడి వెదకుట వ్యర్థమని ఎరిగిన అతని తండ్రియే ఆ ఆలోచన చెప్పినవాడు.

ఆ విధముగా నా అగ్రజుని సరసన పడియుండి, అతని క్షయమును నేను కన్నులార కంటిని. లీవరును నొక్కినప్పుడెల్ల అతని కొసనున్న లోహపు గుండు తన రంధ్రములో ఇంచుక తిరుగవలెను. నూనె ఆరి, దుమ్ము గట్టిపడిన పిమ్మట గుండు తిరుగుట మానెను. అది తిరుగని కొలదియు తీగ మెడ ఒక్కచోటనే వంగి లేచుచు, వంగి లేచుచు అలసిపోయెను. ఒక పోగు తెగెను. దాని భారము మిగిలినవానిపై పడగా మరియొకటి తెగెను. మిగిలిన పోగులు సాగిన కొలదియు లీవరు వదులగుచుండెను. యువకుడు మరను త్రిప్పి బిగించుచుండెను. వారమైనను కాకమునుపే అది మరల వదులగుచుండెను.

ఒక మధ్యాహ్నము తండ్రిని వెనుక కూర్చుండబెట్టుకొని అతడు శ్రీశైలమునకు బయలుదేరెను. ఘాట్ రోడ్డు ఎగువ మలుపున మూడవ గేరునుండి రెండవ గేరునకు దిగుటకై లీవరును నొక్కినంతనే మిగిలిన పోగులన్నియు ఒక్కమారుగా తెగెను. లీవరు బరువు లేక హ్యాండిలుకు చేరబడెను. క్లచ్ పలకలను స్ప్రింగులు అదిమియే యుండుటచే ఇంజను చక్రమును విడువలేదు.

“నాన్నా, క్లచ్ వైరు తెగింది, గట్టిగా పట్టుకో.”

“తెగితే తెగిందిలేరా, ఇంజను ఆగనీకు. మలుపు దాటించు.”

ఆ మాటలోని ధైర్యము కుమారుని చేతికి సంక్రమించెను. ఎగువలో బండి నిలిచిపోయినచో, క్లచ్ లేక తిరిగి కదలుట దుస్సాధ్యమని ఇరువురును ఎరుగుదురు. అతడు యాక్సిలరేటరును లిప్తకాలము సడలించి, గేర్లపై ఒత్తిడి తగ్గిన ఆ లిప్తయందే పాదముతో నొక్కగా రెండవ గేరు పడెను. ఎదురువచ్చు బస్సులకు దారి యిచ్చుచు, వేగము చెడనీయక, అతడు మలుపులు గడచి, రోడ్డంచున చదునైన స్థలము కనబడినంతనే ఇంజను కట్టి, బ్రేకు తొక్కి బండిని నిలిపెను.

అచ్చట నా వేళ వచ్చెను. తండ్రి టేపు విప్పి, నా గుండుకు గ్రీజు రాచి లీవరులో నిలుపగా, కుమారుడు నా రెండవ కొసను ఇంజను చెంతనున్న క్లచ్ మీటకు తగిలించెను. లీవరు కొనయందు 10 నుండి 15 మిల్లీమీటర్ల వదులు ఉంచి, నేనెచ్చటనైన లాగబడుదునేమో యని హ్యాండిలును ఇరుప్రక్కల కడవరకు త్రిప్పి చూచిరి. టాంకు విప్పవలసిన పని లేకపోయెను. ఏలయన నేను ముందుగనే దారి పొడుగునను పరుండియుంటిని. శిఖరేశ్వరము దాటి శ్రీశైలము చేరువరకు ప్రతి గేరును నా తీగ మీదుగనే మారెను. అంతకాలము నిరుపయోగముగ పడియుంటినని నేను తలపోసిన దినములన్నియు ఆ గడియకై చేసిన సిద్ధతయే యని నాకప్పుడు తెలిసినది.

బాటసారులారా, మేము హఠాత్తుగా తెగితిమని మీరందురు. కాని, మేము తెగుటకు మునుపు ఎన్నియో మారులు మీ చేతికి చెప్పియే యుందుము. లీవరు బరువెక్కినను, బిగించినది మరల మరల వదులగుచున్నను, మెడకడ ఒక పోగు ముల్లువలె పైకి లేచినను, అది మా విన్నపమని గ్రహింపుడు. గుండునకు అప్పుడప్పుడు ఒక చుక్క నూనె వేయుడు. పోగు లేచిన వైరును దూరప్రయాణమునకు ముందే మార్చుడు. అడవిదారి పట్టినచో మరొక వైరును తోడు తీసికొనుడు. జాగ్రత్త భయమునకు గురుతు కాదు. వెనుక కూర్చున్నవానియెడల మీకు గల ప్రేమకు అదియే ప్రత్యక్షరూపము.