మిద్దె మీది మోతుబరి

మా గల్లీలో ఎవరింటికి రంగులేసినా, ఆఖరి గోడ ఆరకముందే గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉంటాడు. "తమ్మీ, ఆ ఇరవై లీటర్ల బకెట్టు పారేస్తరా?" అని అడుగుతాడు. పారేస్తామన్నా, పారేయమన్నా ఒకటే. సాయంత్రానికల్లా ఆ బకెట్టు ఆయన మిద్దె మీద వంకాయ చెట్టును ఎత్తుకుని కూర్చుంటుంది.

పేరు చెప్పను, మా అన్న అనుకోండి. చెబితే జనగామలో పదిమంది, మానుకోటలో పదిమంది, భూపాలపల్లిలో పదిమంది "నన్నే రాసినవు గదా" అని నా మీదికొస్తారు. ఈ మూడు ఊళ్లూ 2016 అక్టోబరు 11న ఒక్కరోజే జిల్లా కేంద్రాలయ్యాయి. పట్నమైనట్టు బోర్డులు ఒప్పుకున్నాయి గాని ఆయన ఒళ్లు ఒప్పుకోలేదు. పొద్దున ఐదింటికే లేస్తుంది. లేచాక పోవడానికి పొలం లేదు. అందుకని మెట్లెక్కుతుంది.

గుర్తుపట్టడం తేలికే. గోళ్లలో మట్టి, జేబులో చిక్కుడు గింజలు. ఎవరింటికి పోయినా ముందు మిద్దె చూస్తాడు. ఆ మధ్య తమ్ముడి బిడ్డకు సంబంధం చూడబోయి వచ్చి, "ఇల్లు మంచిగున్నది, తూర్పు ఎండ మస్తు కొడ్తది, టమాటకు తిరుగులేదు" అన్నాడు. పిల్లగాడు ఏం చేస్తాడో అడగడం మరిచిపోయాడట.

ఆయన మిద్దె నూటయాభై గజాలు. కానీ గజాల్లో చెప్పడు. గుంటంటే నూటఇరవై ఒక్క గజాలు కాబట్టి "మనది గుంటా పావు" అంటాడు. ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయల రైతుభరోసా అన్నప్పుడు, గుంటకు మూడు వందలు, గుంటా పావుకు 375 అని లెక్క కట్టి ఒక ఆఫీసుకు పోయాడు.

"సర్వే నంబరు?" అన్నాడు గుమస్తా.

"ఇంటి నంబరున్నది."

"పాసుబుక్కు?"

"అదే అడుగుదామని వచ్చిన. ధరణి పోయి భూభారతి వచ్చింది గద, మిద్దెభారతి ఎప్పుడొస్తది?"

గుమస్తా చాయ్ తాగడానికి లేచాడు. మా అన్న ఆఫీసు కుండీలో మొక్కకు నీళ్లు పోసి వచ్చాడు.

375 రాలేదని చతికిలబడే మనిషి కాదు. ఎక్కడ ఏం సాయం దొరుకుతుందో ఆయన వేళ్ల మీద ఉంటుంది. హైదరాబాదులో ఒకప్పుడు ఉద్యానశాఖ మిద్దెతోటలకు సగం రాయితీ మీద బెడ్లు, విత్తనాలు, వేపపిండి కిట్లుగా ఇచ్చిందనీ, నాంపల్లి రెడ్‌హిల్స్‌లో శిక్షణ పెట్టిందనీ చెబుతాడు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన మిద్దె మీద కూరగాయలు పండించి, మిద్దెతోట మీద పుస్తకమే రాశారని, ఆయనేదో తన తోడల్లుడైనట్టు చెబుతాడు. క్యూబా సంగతి ఎత్తితే ఇక ఆగడు: "సోవియట్ కూలినంక వాళ్లకు డీజిల్ లేదు, ఎరువుల్లేవు. హవానా పట్నపోళ్లు ఖాళీ జాగలన్నిట్ల కూరగాయలు పెట్టి కడుపు నింపుకున్నరు. మన జనగామ ఏం తక్కువ?" ఆ మాటకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

మందుల్లేని సాగు గురించైతే లింగాల ఘనపురం మండలంలోని ఏనబావికి పోయి వస్తాడు. 2006 నాటికే ఊరు ఊరంతా పురుగుమందులకూ రసాయన ఎరువులకూ దండం పెట్టిన పల్లె అది. మిరప గురించైతే మానుకోట దగ్గరి మల్యాలకు పోతాడు. అక్కడ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. 2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు రావడం వెనుక ఆ స్థానం చెయ్యి ఉంది. ఆ చపాటా చెట్టు ఒకటి మిద్దె మీద మెట్ల పక్కనే ఉంటుంది. కాయ టమాటాలా బొద్దుగా ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ. మా అన్న మాటలాగే.

ఇక ఎరువు. రెండు వందల లీటర్ల డ్రమ్ము జీవామృతానికి పది కిలోల పేడ, పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమన్ను. మా అన్న దాన్ని పదో వంతుకు దించి పెయింటు బకెట్లో కలుపుతాడు. పేడకు పాలాయన ఉన్నాడు. గోమూత్రానికి చీకటితోనే చెంబు పట్టుకుని ఆవు వెనక నిలబడాలి. అది ఆవు ఇష్టం, మన అవసరం కాదు. పిండి మాత్రం ఇంట్లోదే. ఓ వానాకాలం సాయంత్రం వదినె మిరపకాయ బజ్జీలకు డబ్బా తీస్తే, అడుగున ఒక చెంచా ఉంది.

"శెనగపిండేది?"

"వంకాయ తాగింది."

మర్నాటి నుంచి డబ్బాకు తాళం.

కొడుకు అమెరికా నుంచి ఫోన్లో ఒకటే అడుగుతాడు: "స్లాబు కుంగదు గదా డాడీ?" తడి మట్టితో ఒక్కో బకెట్టు పాతిక కిలోలకు తగ్గదు. అందుకే బరువైనవన్నీ గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టి, నడుమ తోటకూర, మెంతి పలుచగా చల్లాడు. ఆ తెలివికి ఏ ఇంజినీరైనా నమస్కారం పెట్టాల్సిందే. భూపాలపల్లిలో సింగరేణి చేసి దిగిన ఆయన బావమరిదికి మాత్రం బరువు బెంగ లేదు, కోతుల బెంగ ఉంది. పులిబొమ్మ కొనుక్కొచ్చి మిద్దె మీద నిలబెట్టాడు. మూడో రోజు పొద్దున చూస్తే, కోతి పులి వీపు మీద కూర్చుని టమాట తింటోంది.

నవ్వుకుంటూనే ఉన్నాను, మొన్న ఎర్రమన్ను ట్రాక్టరు వచ్చేదాకా. మన్ను, మాగిన ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలపాలట. బస్తాలకెత్తి మెట్లెక్కించడానికి నన్నూ పట్టుకున్నాడు. మూడో బస్తా దగ్గర అన్న ఆగాడు. గుప్పెడు తీసి నలిపాడు, వాసన చూశాడు.

"ఎక్కడిది ఈ మన్ను?"

డ్రైవరు ఊరి పేరు చెప్పాడు. "బైపాసు పక్కన వెంచరు లేదా సారూ, అండ్ల ఇల్లు కడ్తున్నరు. పునాదుల మన్ను."

పిల్లగాని చదువుకూ ఈ ఇంటి జాగాకూ పదిహేనేళ్ల కింద అన్న అమ్మిన ఎకరం అక్కడే ఉంది. ఎకరం లెక్కన అమ్మింది ఇప్పుడు బస్తా లెక్కన కొంటున్నాడు.

నేను మాట కోసం వెతుక్కుంటున్నాను. ఆయన డ్రైవరుతో కిరాయి దగ్గర జగడం పెట్టుకున్నాడు. నా మన్నుకు నేనే పైసలియ్యాల్నా అని యాభై తగ్గించి, బస్తా నా భుజానికెత్తి వెనకాలే మెట్లెక్కాడు. పైకి చేరాక బకెట్ల వరుస ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"గుంటా పావు వాపసొచ్చింది తమ్మీ. ఇంక ముప్పై ఎనిమిది గుంటల ముప్పావు రావాలె."

అని, పిట్టగోడ మీదుగా మా ఇంటివైపు తొంగి చూశాడు.

"నీ మిద్దె ఎన్ని గజాలుంటది?"