మొదటి గడిలో టిక్కు

వికారాబాద్ జిల్లాలో భవనాలకు జబ్బు చేయదు. చేసినా కాగితం మీద నయమైపోతుంది. ఏటా బడులు నింపే యూడైస్ ప్లస్ ఫారంలో తరగతి గదులకు మూడు గళ్లుంటాయి: బాగున్నవి, చిన్న మరమ్మతు కావాల్సినవి, పెద్ద మరమ్మతు కావాల్సినవి. మూడో గడి నింపితే ఎందుకంటారు, రెండోది నింపితే ఎంతంటారు. మొదటిది నింపితే ఎవరూ ఏమీ అనరు.

తాండూరు దగ్గర ఒక బడిలో (పేరెందుకు లెండి) స్లాబు తనిఖీ కళ్లారా చూశాను. వచ్చిన పెద్దమనిషి కుర్చీలోంచే తలెత్తి, "గట్టిగనే ఉంది కద సార్" అన్నాడు. "జర పెచ్చులూడుతున్నయ్" అని హెడ్మాస్టరు నసిగాడు. "అది ప్లాస్టరింగు, స్లాబు కాదు." ఊడినచోట తుప్పు పట్టిన చువ్వ ఈ మాట విని ఇంకాస్త బయటికొచ్చినట్టుంది. కింది బెంచీని రెండడుగులు పక్కకు జరిపారు. ఆ ఏటికి భవన నిర్వహణ ముగిసింది. పోతూపోతూ ఫోన్లో ఫొటో తీశారు, అక్షాంశ రేఖాంశాలతో సహా. పెచ్చు ఎక్కడ రాలుతోందో ఇప్పుడు ఉపగ్రహానికి తెలుసు. తాపీమేస్త్రీకే కబురందలేదు.

నేల మాత్రం చెక్కుచెదరలేదు. తాండూరు బండ మరి!

మూసీ పుట్టే అనంతగిరి మా జిల్లాలోదే, వాన మాకు కొత్త కాదు. మిద్దె మీద నిలిచిన నీళ్లు స్లాబులోకి దిగి చువ్వను తుప్పు పట్టిస్తాయి. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ జాగా కావాలి, అందుకే అది కాంక్రీటును కిందికి నెట్టేస్తుంది. ఈ రోగానికి మన మందు రంగు. 2022లో మన ఊరు–మన బడి పథకం కింద 26,065 బడులకు రూ.7,289 కోట్లన్నారు. పన్నెండు పనుల జాబితాలో మరమ్మతులూ ఉన్నాయి, రంగులూ ఉన్నాయి. రోడ్డు మీదికి కనిపించేవి ఏవో మీకు తెలుసు.

కాంక్రీటు బలం చూసే రీబౌండ్ హ్యామర్ ఆ పల్లె దాకా రావాలంటే ఎవరో ఒకరు మూడో గడి నింపాలి. అందాకా మామూలు సుత్తితో తట్టినా చాలు, డొల్ల చప్పుడు వినిపిస్తుంది. సంతలో పుచ్చకాయను నాలుగుసార్లు తట్టందే కొనం. పిల్లల నెత్తిమీది కప్పును ఎవరం తట్టం.

ఆ బడిని ఎవరు ప్రారంభించారో శిలాఫలకం మీద ఉంది. మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడు చేశారో ఏ రిజిస్టర్లోనూ లేదు. తూములో మొలిచిన రావిమొక్క మాత్రం మోకాలెత్తు పెరిగింది.