విద్యా విలేకరికి ఆరు తలకిందుల సలహాలు

చాలా ఆఫీసుల్లో ఎడ్యుకేషన్ బీట్ కొత్తగా చేరినవాళ్లకే ఇస్తారు. నోటిఫికేషన్లు, హాల్‌టికెట్లు, ఫలితాలు రాయడానికి ప్రత్యేక శిక్షణ దేనికని డెస్క్ అనుకుంటుంది. అలా అనుకోబట్టే పేజీ నిండా ర్యాంకులుంటాయి, చదువు మాత్రం కనిపించదు. కింది సలహాలు సీనియర్లకు తిక్కగా అనిపించవచ్చు. అయినా ఈ బీట్‌లో నిలబడాలంటే ఇవే దారి అని నా గట్టి నమ్మకం.

1. ఫలితాల రోజు ర్యాంకర్ ఇంటికి వెళ్లకండి

నోట్లో స్వీటు పెట్టే ఫొటో ఎవరైనా తెస్తారు. మీరు తప్పినవాళ్ల దగ్గరికి వెళ్లండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు, ఫస్టియర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి సెకండియర్ తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. ఇలాంటి పొరపాటు బయటపడాలంటే ఫస్టియర్ మెమో పక్కన సెకండియర్ మెమో పెట్టి చూసేవాళ్లుండాలి. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి వార్త రాయాల్సి వస్తే ఎలా చనిపోయారో రాయకండి, మార్కులే కారణమని హెడ్డింగ్‌లో తేల్చేయకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 తప్పకుండా వేయండి.

2. పాస్ శాతాన్ని అలాగే అచ్చేయకండి

ఎంతమందిలో అంతమంది పాసయ్యారన్నది ముందు తేల్చుకోండి. తొమ్మిదో తరగతిలో వందమంది ఉన్న బడి నుంచి డెబ్బైమందే టెన్త్ పరీక్ష రాసి, అందులో 63 మంది పాసైతే బ్యానర్ మీద 90 శాతం అని ఉంటుంది. మిగతా ముప్పైమంది ఏమయ్యారు? టీసీ ఇచ్చి పంపేశారా, పనిలో చేరారా, ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసేశారా? మీ వార్త ఆ ముప్పైమంది గురించే.

3. బడికి వెళ్తే హెడ్మాస్టర్ గదిలో కూర్చోకండి

అక్కడ టీ, లెక్కలు దొరుకుతాయి. టీచరమ్మ అనుమతి తీసుకుని మూడో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోండి. వాచకంలో నాలుగు లైన్లు చదవమని పిల్లల్ని అడగండి. కొందరు గడగడా చదువుతారు. ఒకరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు, వత్తు వచ్చిన చోట ఆగి టీచర్ మొహం చూస్తారు. ఎవరినీ నవ్వులపాలు చేయకండి, పేర్లు రాయకండి. చదవలేకపోవడం ఆ పిల్లల తప్పు కాదు.

మధ్యాహ్న భోజనం వేళ దాకా ఉండండి. ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల్లో 150 గ్రాములు. ప్రాథమిక బడి హాజరు పట్టీలో 42 మంది ఉంటే ఆ రోజు 4 కిలోల 200 గ్రాములు వండాలి. పట్టీలో అంకె, పళ్లేల సంఖ్య, వంటామె కొలిచిన బియ్యం, ఈ మూడూ సరిపోలాయో లేదో మీరే చూడండి.

4. ప్రెస్‌మీట్‌కు ఆలస్యమైనా ఫరవాలేదు, ముందు యూడైస్ చూడండి

యూడైస్ అంటే బడుల వివరాల డేటాబేస్. దేశంలో ప్రతి బడికీ అందులో 11 అంకెల కోడ్ ఉంటుంది. ఆంధ్రాలో ఆ కోడ్ 28తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. గదులు, టీచర్లు, మరుగుదొడ్లు, పిల్లల సంఖ్య యూడైస్‌లో దొరుకుతాయి. అవి బడి ఇచ్చిన లెక్కలే కాబట్టి కళ్లతో చూసి సరిపోల్చుకోవాలి. అసర్ సర్వే వేరు. అది పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లలు చదవగలుగుతున్నారా, లెక్కలు చేయగలుగుతున్నారా అని చూస్తుంది. ఈ రెంటినీ కలిపేసి రాస్తే వార్త తప్పుతుంది.

2009 విద్యాహక్కు చట్టం ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఉంటే ఇద్దరు టీచర్లుండాలని అందులోనే ఉంది. అధికారి జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో సమాధానం చెప్పాల్సిందే.

5. యాడ్ కోసం ఏ బడి గుమ్మమూ తొక్కకండి

జూన్ వస్తే మండల విలేకరికి యాడ్ టార్గెట్ పెట్టే పద్ధతి ఉంది. ఒకే చేతిలో రసీదు పుస్తకం, నోట్‌బుక్ రెండూ ఉంటే ఫీజుల దోపిడీ మీద వార్త రాదు. ఈ మాట యాజమాన్యానికి అందరూ కలిసి చెప్పాలి. ర్యాంకుల ప్రకటనను వార్త చూసినట్టే తరచి చూడండి. ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో, దానికి డబ్బు కట్టాడో లేదో కోచింగ్ సంస్థలు ప్రకటనలోనే చెప్పాలనీ, ఎంపికయ్యాక అతని అనుమతి తీసుకున్నాకే ఫొటో వాడాలనీ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలిచ్చింది.

6. కొన్ని వార్తల్లో బడి పేరు కూడా రాయకండి

బడి పేరు లేకపోతే వార్తేముంది అంటారు. లైంగిక దాడి కేసుల్లో బిడ్డ పేరు, ఫొటోతో పాటు కుటుంబం, బడి, ఉండే చోటు వివరాలు కూడా బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. పేరు మార్చి, ఊరు, తరగతి, తండ్రి చేసే పని రాసేస్తే ఊరందరికీ తెలిసిపోతుంది. ఆ బిడ్డ మళ్లీ అదే బడికి వెళ్లాలి. నిందితుడి మీద కేసు ఎంతదాకా వచ్చిందో, బడిలో ఎవరెవరికి ముందే తెలుసో, అవి రాయండి.

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యే పనులు కావు. మీ పరిధిలో ఒక సర్కారు బడిని, ఒక ప్రైవేటు బడిని ఎంచుకుని జూన్ నుంచి ఏప్రిల్ దాకా నెలకోసారి వెళ్లండి. ఎడిటర్లకూ ఒక మాట. రిపోర్టర్‌కు విద్యాహక్కు చట్టం ప్రతి ఒకటి చేతికివ్వండి, యూడైస్ చూడటం నేర్పండి, నెలకు రెండు రోజులు బడిలో గడపనివ్వండి. ఈ మాత్రం శిక్షణకు పెద్ద ఖర్చేమీ కాదు. ఇది లేకుండా పిల్లల గురించి రాయమని పంపడం పిల్లలకూ, పాఠకులకూ, ఆ రిపోర్టర్‌కూ అన్యాయమే.