చింత వాళ్లది, బాడుగ మనది

మా అనంతపురానికి విమానం రాదు. పుట్టపర్తిలో రన్‌వే ఉంది గానీ అది మనబోటి వాళ్లు టికెట్ కొని ఎక్కే చోటు కాదు. ఎక్కాలంటే బెంగళూరు విమానాశ్రయముండే దేవనహళ్లి పోవాల్సిందే. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని, పెనుకొండ దాటి, బాగేపల్లి టోల్‌గేటు దగ్గర టీ తాగుతుంటే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: ఆపరేషనల్ కారణాల వల్ల మీ విమానం రద్దయింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం. చింత వాళ్లది, కారు బాడుగ మనది.

అయినా దిగులెందుకు సామీ? విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మనకు హక్కులు రాసిపెట్టింది కదా! నిబంధన ప్రకారం ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే టికెట్ డబ్బు వాపసు గాక పరిహారమూ ఇవ్వాలి. గంటలోపు ప్రయాణానికి రూ.5,000, రెండు గంటల లోపైతే 7,500, ఆపైన 10,000. ఛాతీ ఉబ్బేలోపే పక్కన ఇంకో ముక్క కనిపిస్తుంది: లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి ఎంతైతే అంత, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఈ ముక్క రాసిన మహానుభావుడి చేతికి గండపెండేరం తొడగాలి (కాలికే తొడుగుతారని తెలుసు, ఈయన గొప్పతనమంతా చేతిలోనే ఉంది మరి). యూరప్‌లో దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు ఇస్తారు, టికెట్ ఎంతకు కొన్నావని అడగరు. మన దగ్గర చవగ్గా కొన్నోడి కష్టం కూడా చవకే. ఇక వాతావరణమో, సమ్మెనో, ఇంకేదైనా ‘అసాధారణ పరిస్థితో’ అంటే ఆ కాస్తా సున్నా.

2025 డిసెంబరులో ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయ్యాయి. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా. కారణం కొత్త రూల్స్: పైలట్లకు వారానికి 36 గంటల విశ్రాంతి 48 అయింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఈ రూల్స్ వచ్చింది 2024 జనవరిలో. రెండో విడత అమలు 2025 నవంబరు 1న. మా ఊరి కరవు ఎప్పుడూ ఇంత మర్యాదగా తేదీ చెప్పి రాలేదు. అయినా ఇంత పెద్ద సంస్థకు పైలట్లు చాలలేదట.

తర్వాత ఇండిగో వాళ్లు, ‘తీవ్రంగా’ ఇబ్బంది పడినవారికి నిబంధన పరిహారం గాక 10,000 రూపాయల వోచర్లన్నారు. ఈ భాష మా జిల్లాకు కొత్త కాదు. కరవు మండలాలనూ తీవ్రం, మోస్తరు అని విడదీస్తారు; ఎండిన శెనక్కాయ చెట్టుకు మాత్రం తాను ఏ జాబితాలో ఉందో తెలీదు. ఆ వోచరైనా చేతికిచ్చే డబ్బు కాదు. ఏడాదిలోపు మళ్లీ అదే సంస్థ విమానం ఎక్కాలి! 2026 జనవరిలో డీజీసీఏ ఇండిగోకు రూ.22.20 కోట్ల జరిమానా వేసింది. ఘనమే. బాగేపల్లిలో చల్లారిన టీకి అందులోంచి పైసా రాలేదు.

పట్టించుకోని సంగతొకటుంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం కాపురముండే చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకైతే ఫీజు కూడా లేదు. అంటే విమాన సంస్థ అనంతపురం జిల్లా కమిషన్ ముందు జవాబు చెప్పుకోవాలి. ఏప్రిల్ నెలలో వాయిదా పడాలని నా కోరిక. వాళ్ల వకీలుగారు వరండాలో చెమటలు కక్కుతుంటే మజ్జిగ ఇద్దాం. నిరీక్షించేవారికి తినడానికీ తాగడానికీ పెట్టాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది.