ఇంగ్లీషులో డబ్బున్న బావ

డబ్బుకి ఇంగ్లీషులో ఎన్ని ముద్దుపేర్లున్నాయో మా బావకి తెలిసినట్టు మా బంధువుల్లో ఇంకెవరికీ తెలియదు. టిఫిన్ అయ్యాక బిల్లు ఎవరివైపు జరపాలో కూడా ఆయనకి అంత బాగానూ తెలుసు. ఈ రెండు విద్యలకీ సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను. ఉంది. బిల్లు రాగానే పాఠం మొదలవుతుంది.

బావంటే మా మేనత్త కొడుకు. బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ నోట్లు వేలు తడుపుకుని లెక్కపెట్టాడు గానీ, సొంత నోటు దగ్గరికొచ్చేసరికి ఆ వేలు తడవదు. కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. వాడు ఓసారి ఫోన్లో ‘బక్స్’ అన్నాడు. అప్పట్నించీ మాకీ చదువు తప్పలేదు.

“బక్ అంటే ఏంటనుకున్నావురా? మగ జింక! పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికాలో జింకతోళ్ళిచ్చి సరుకులు కొనేవాళ్ళు. ఆ తోలు పేరే డాలరుకొచ్చింది” అంటాడు. సర్వరు బిల్లు పట్టుకుని నిలబడే ఉంటాడు. బావ వేళ్ళకి అల్లప్పచ్చడి ఎండిపోతూ ఉంటుంది. “పది డాలర్లని సాబక్ అంటారు, ఎందుకో చెప్పు?” నేను చెప్పను. చెప్పినా ఆగడు. “పాత పది డాలర్ల నోటు మీద రోమన్ అంకె ఎక్స్ ఉండేది. దుంగలు కోసేటప్పుడు ఆనించే చట్రం కూడా అచ్చం ఎక్స్ ఆకారమే. దాని పేరు సాబక్!” సర్వరు కుర్రాడు తలూపి, బిల్లు నా ముందు పెట్టి వెళ్ళిపోతాడు. మనిషిని చూసి పోల్చుకునే తెలివి వాళ్ళకి వృత్తితోపాటే వస్తుంది.

గ్రీన్‌బ్యాక్ అంటే 1861లో, అంతర్యుద్ధం రోజుల్లో, వెనకవైపు పచ్చసిరాతో అచ్చేసిన నోటు. బ్రెడ్ అన్నా డబ్బే, రొట్టెపిండి అన్నా డబ్బే. ఇవన్నీ కాఫీలోపే అయిపోతాయి. కాఫీతో బావ లండన్ చేరతాడు. అక్కడ పౌండు క్విడ్, పాతిక పౌండ్లు పోనీ, ఐదొందలు మంకీ, వెయ్యి గ్రాండ్. మన రూపాయల నోటు మీద కోతిబొమ్మ ఉండేదనీ, ఇక్కణ్ణించి వెళ్ళిన సిపాయిలు ఆ పేరు లండన్ మోసుకెళ్ళారనీ బావ వాదన. కోతిబొమ్మ నోటుని ఇంతవరకూ ఎవరూ చూపించలేదు బావా అంటే, “నువ్వు చరిత్రలో మొదట్నించీ వీకే” అని నామీద జాలిపడతాడు.

ఈ మంకీతోనే నాకు పేచీ. “ఒరేయ్, ఒక మంకీ సర్దు, సంక్రాంతికిచ్చేస్తా” అని ఓరోజు ఐదొందలు పట్టుకెళ్ళాడు. ఏ సంక్రాంతో చెప్పలేదు. గుర్తుచేస్తే కళ్ళజోడు సర్దుకుని, “మంకీ అంటే ఐదొందల పౌండ్లురా. నువ్విచ్చింది రూపాయలు. ఆ లెక్కన నీ దగ్గర నేను మంకీ తీసుకోనేలేదు” అన్నాడు.

అయినా మనిషిని వదులుకోలేం. వంద డాలర్ల నోటుని బెంజమిన్ అంటారు, దానిమీద బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ ఉంటుంది కాబట్టి. ఆ ఫ్రాంక్లిన్ 1737లో తన పెన్సిల్వేనియా గెజెట్‌లో, తాగినవాణ్ణి అనడానికి జనం వాడే మాటలు రెండొందలకు పైగా పోగేసి అచ్చువేశాడు. “మాటలు ఏరుకునేవాడి బొమ్మ నోటుమీదికెక్కింది, చూశావా!” అంటున్నప్పుడు బావ మొహం వెలిగిపోతుంది. ఇది మాత్రం అక్షరాలా నిజం. ఇలాంటివి మోసుకొస్తాడనే మళ్ళీ మళ్ళీ టిఫిన్‌కి పిలుస్తుంటాను.

క్యాష్ మన కాసే అంటాడు. సగం నిజం. దక్షిణాదిలో చెల్లిన చిన్న నాణేన్ని ఇంగ్లీషువాళ్ళు క్యాష్ అన్నది కాసునించే. రొక్కం అనే అర్థంలో వాడే క్యాష్ మాత్రం ఫ్రెంచివాళ్ళ డబ్బుపెట్టె పేరునించి వచ్చింది. సగం నిజంతో సరిపెట్టుకునే మనిషి సగం బాకీ ఇచ్చినా నేనూ సరిపెట్టుకుందును.

ఈ జబ్బు అంటుకునే రకం. మొన్న వంకాయలు బేరమాడుతూ, డబ్బు అనేది అసలు ఒక రాగినాణెం పేరనీ, దాన్ని తెల్లవాళ్ళు ‘డబ్’ అని రాసుకున్నారనీ బండి దగ్గర మొదలెట్టాను. “రాగివి ఇప్పుడు చెల్లవు బాబూ, నలభై ఇవ్వండి” అందావిడ. పక్కనున్న బావ, శిష్యుడు చేతికందొచ్చాడన్నట్టు నాకేసి మురిపెంగా చూశాడు. నలభై నేనిచ్చాను. వంకాయలు వాళ్ళింటికెళ్ళాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి బావో మామయ్యో ఉండే ఉంటాడు. ఆయన చెప్పేది వినండి, చాలామటుకు నిజమే ఉంటుంది. బిల్లు వచ్చేలోగా చెయ్యి కడుక్కోవడానికి మాత్రం ముందు మీరే లేవండి.