ఎందుకైనా మంచిదని

ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు రాయి అరిగిపోయి ఏడాదైంది. కొత్తదాని కోసం మా ఆవిడ దాచిన డబ్బుతో నేను విమానం ఇంజను కొన్నాను. ఈ ఒక్క ముక్క ఒప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆవిడకు మాత్రం అట్టపెట్టె చేత్తో ఎత్తగానే తెలిసిపోయింది. "గ్రైండరు ఇంత తేలిగ్గా ఉండదే" అంది.

విమానమంటే ఎక్కి కూర్చునేది కాదు, రిమోటుతో ఎగరేసేది. నేర్చుకునేవాళ్ళ కోసం చేసేదాన్ని ట్రైనర్ అంటారు. దానికి రెక్క వీపుమీద ఉంటుంది. నాది ఈ కొస నుంచి ఆ కొసకు అయిదడుగులు, అన్నీ బిగించాక రెండున్నర కిలోలు ఉండాలి. అలాంటిదానికి 40 నంబరు ఇంజను చాలు. 40 అంటే 0.40 ఘనపు అంగుళాలు, మన లెక్కలో ఆరున్నర సీసీ. 46 పెడితే ఇంకా నయం. ఏడున్నర సీసీ, ఒళ్ళు దాదాపు అంతే, బలం కాస్త ఎక్కువ. ఈ పిచ్చి ఉన్న పెద్దలంతా చెప్పే మాట ఇదే. నేనూ నాలుగు నెలలు చదివి, నోటు పుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకుని, 61 కొన్నాను. పది సీసీ.

ఎందుకైనా మంచిదని.

ఇది మా వంశంలో ఉన్న జబ్బు. ఆరో తరగతిలో నాకు కుట్టించిన నిక్కరు తొమ్మిదిలో సరిపోయింది. ఆవిడకు మాత్రం శాస్త్రం చెప్పాను. తమిళనాడులోని మా ధర్మపురి సముద్రమట్టానికి దాదాపు 450 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి గాలి పలచన, ఇంజనుకు ఊపిరాడదు అన్నాను. ఈ ఎత్తులో తగ్గే బలం నూటికి నాలుగైదు పాళ్ళేనన్న సంగతి మింగేశాను.

"ఎన్ని హార్సుపవరు?"

"రెండు దాకా." టీవీఎస్ 50లో అయిదో వంతు ఇంజనుకు అంత సత్తువ ఎక్కడిదంటే, నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరగడం వల్ల. ఆ మోపెడ్ పుట్టిన హోసూరు 2004 దాకా మా జిల్లాలోదేనని గర్వంగా కూడా చెప్పాను.

"ఆ బండి ఇద్దర్నీ, బియ్యం మూటనీ మోసేది. ఇది ఏం మోస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు.

కొత్త ఇంజనును ముందు రెండు మూడు ట్యాంకులు నెమ్మదిగా తిప్పి దారికి తేవాలి. దాన్ని బిగించడానికి గట్టి చెక్క కావాలి. ఇంట్లో గట్టి చెక్క ఒక్కటే ఉంది, మా పెళ్ళిపీట. మిద్దెమీద దానికి నాలుగు మరలు దిగ్గొట్టాను. ఇందులో పోసేది పెట్రోలు కాదు, మిథనాలు, నైట్రోమీథేను, వాటిలో ఆముదం. మొదట బ్యాటరీతో ప్లగ్గులోని ప్లాటినం తీగను ఎర్రగా కాల్చాలి. ఆ తర్వాత బ్యాటరీ తీసేసినా లోపలి మంటకే అది కణకణలాడుతూ ఉంటుంది. ఇంత తెలివైన యంత్రం, కాలని ఆముదాన్ని మాత్రం పొగగొట్టంలోంచి బయటికి ఉమ్ముతుంది. అది ఉమ్మినవైపు చీరమీద మా అత్తగారు పెట్టిన వడియాలు ఎండుతున్నాయి. అన్నీ పారబోయాల్సి వచ్చింది. పీట ఇప్పటికీ ఆముదం కంపు కొడుతోంది.

బిగించాక విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ళమీద నిలబెట్టి చూశాను. రెక్క వెడల్పులో ముందు నుంచి పావు, మూడో వంతు మధ్య ఎక్కడో అది సమంగా నిలవాలి. నాది ముక్కు వాల్చేసింది, భోజనాల తర్వాత పెళ్ళిపెద్దలా. సరే, హొగేనక్కల్ వెళ్ళి వలలకు కట్టే సీసం గుళ్ళు తెచ్చి తోకలో కూరాను. ముక్కు బరువుకు తోక బరువు, రెండూ కలిసి విమానం మూడు కిలోలైంది. బరువు పెరిగితే గాలిలో నిలవడానికి వేగం కావాలి, దిగేటప్పుడూ ఆ వేగం తగ్గదు. ఇదీ నోటు పుస్తకంలో ఉంది. అక్కడ గీత లేదు.

మామగారి మామిడితోట పక్కన ఎండిన చెరువుంది. అక్కడ ఎగరేశాను. ఎగిరింది, అందులో అబద్ధం లేదు. అసలు చిక్కు దించడంలో. విమానం మనవైపు వస్తున్నప్పుడు దాని ఎడమ మన కుడి అవుతుంది. ఏ రెక్క వాలితే రిమోటు పుల్లను ఆ రెక్క వైపే నెట్టాలని చదివాను కూడా. గుర్తొచ్చేలోగా అది తోతాపురి చెట్టులోకి దూసుకుపోయింది. పదకొండు కాయలు రాలాయి.

మామగారు మామూలుగా నన్ను తమిళంలో "మాప్పిళ్ళై" అంటారు, కోపమొస్తే తెలుగులోకి దిగుతారు. ముందు కాయలన్నీ ఏరుకున్నారు. తర్వాత చెట్టుకు వేలాడుతున్న రెక్కకేసి చూసి, "ఏమి అల్లుడా, దీనికి ఎంత మోటారు కావల్ల?" అన్నారు.

"ఏడున్నర సీసీ చాలు మామా. పది పెట్టినా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మన బోరుకి అయిదు హెచ్‌పీ చాలు. నేనూ ఏడున్నర దించినా. ఊట అయిపోయినా లాగి లాగి కాలిపోయె" అన్నారు. వెళ్ళేటప్పుడు నాకు రెండు కాయలిచ్చారు, దెబ్బ తగిలినవి.

మొన్న ఇంజను అమ్మేశాను. వచ్చిన డబ్బుకు ఆవిడ ఇంకొంత కలిపి గ్రైండరు కొట్టుకు నన్నూ తీసుకెళ్ళింది. మేం ఇంట్లో అయిదుగురం. ఎన్ని లీటర్లది కావాలని కొట్టతను అడిగాడు. "రెండు" అంది ఆవిడ.

నోరు మూసుకునే ఉన్నాను. నిజంగానే. కానీ పక్క అరలో మూడు లీటర్లది మెరుస్తూ కనిపించింది.

"ఎందుకైనా..." అన్నాను.

ఆవిడ తిరిగి చూసింది.