పెడలు మెత్తన.. బేరం గట్టిది!

బ్రేకు నొక్కితే కారు కీచుమంటోంది.
ఓనరుగారు తక్షణం మరమ్మతు చేశారు. పాటల సౌండు పెంచారు!

ఆ కీచు ఊరికే రాదు. ప్యాడ్ అరిగిపోగానే డిస్కుకు తగిలి అరవాలనే, చాలా ప్యాడ్లకు చిన్న ఇనప రేకు పెట్టి మరీ తయారు చేస్తారు. కారు నోరు తెరిచి చెప్పినా వినేవాడేడీ?

చివరికి షెడ్డుకు తెచ్చారు.

‘‘ప్యాడ్లు అయిపోయినయ్ సార్.’’
‘‘ఇంకో నెల లాగదా?’’
‘‘లాగుడు లాగుతది సార్. ఆగుడే కష్టం.’’
‘‘పోయినసారి ఇంత చెప్పలేదే?’’
‘‘పోయినసారి మీరు రాలేదు సార్!’’

సీటు కవర్లకు అడిగినంతా ఇచ్చిన చెయ్యే. ప్యాడ్ల దగ్గరికొచ్చేసరికి జేబులోంచి రానంటోంది.

బ్రేకు ఆయిలు సంగతి అడక్కండి. గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. అది రాసున్న పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో భద్రంగా ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. తేమ పట్టిన ఆయిలు తిరుమల ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగిందా.. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. అప్పుడు కారంతా ఒకటే గోవింద నామస్మరణ! (అంత భక్తి కొండెక్కేటప్పుడు కూడా ఉండదు.)

సొంత కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు గడువు. అందాకా ఫిట్‌నెస్ అడిగే నాథుడు లేడు.

మొత్తానికి బేరం తెగింది. పాత ప్యాడ్లనే గరుకు కాగితంతో రుద్ది బిగించమన్నారు.
మిగిలిన డబ్బుతో జోడు హారన్లు పెట్టించారు.

ఆగాల్సింది ఎదుటివాళ్లే కదా!